గాలిలో గంట, నేల మీద ఏడు గంటలు

(పోరుమామిళ్ళ ప్రాంత విలేకరి)

కడప నుంచి విజయవాడకు ఎంత దూరం?

మొన్నామధ్య పోరుమామిళ్ళ బస్టాండు ఎదుట టీ అంగడిలో ఈ విలేకరి ఈ మాట అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి "మూడొందల ఎనభై, అటూ ఇటూ" అన్నాడు. సరుకు కోసం రైల్లో తిరిగే గుడ్డల వ్యాపారి "ఐదొందలకు తక్కువ లేదు" అన్నాడు. పక్కన కూర్చున్న కుర్రవాడు సెల్‌ఫోను తీసి రెండుసార్లు నొక్కి "మూడొందల పది" అన్నాడు. ముగ్గురూ కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. టీ గ్లాసులు చల్లారిపోయాయి. తమాషా ఏమిటంటే ముగ్గురూ చెప్పింది నిజమే.

కండక్టరు చెప్పింది రోడ్డు లెక్క. మైదుకూరు, పోరుమామిళ్ళ, గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, గుంటూరు మీదుగా పోతే సుమారు అంతే వస్తుంది. వ్యాపారి చెప్పింది రైలు లెక్క. కడప నుంచి రేణిగుంటకు దక్షిణంగా దిగి, అక్కడి నుంచి గూడూరుకు పోయి, మళ్ళీ నెల్లూరు, ఒంగోలు మీదుగా పైకి ఎక్కాలి. రేణిగుంటకు 125, అక్కడి నుంచి గూడూరుకు 83, గూడూరు నుంచి విజయవాడకు 293. కూడితే ఐదువందలు దాటింది. 2016లో ఎర్రగుంట్ల-నంద్యాల లైను పూర్తయ్యాక నంద్యాల, గిద్దలూరు, గుంటూరు మీదుగా ఇంకో దారి ఏర్పడింది కానీ అదీ పడమటికి పోయి తూర్పుకు తిరిగే చుట్టుదారే. మధ్యలో నల్లమల, వెలికొండలు అడ్డం ఉన్నప్పుడు రైలు చుట్టు తిరగక ఏం చేస్తుంది?

కుర్రవాడి ఫోను చెప్పింది ఆకాశం లెక్క. కడప విమానాశ్రయం నుంచి గన్నవరం విమానాశ్రయానికి తాడు కట్టి లాగితే వచ్చే దూరం. విమానానికి కొండలు అడ్డం రావు. కాబట్టి 310 కిలోమీటర్లు.

పూర్వం మన పెద్దలు దూరాన్ని ఆమడల్లో చెప్పేవారు. దగ్గరైతే "ఒక చుట్ట కాల్చేంత దూరం" అనేవారు. ఆ మాటలో దూరమూ కాలమూ రెండూ కలిసే ఉండేవి. ఇప్పుడు కిలోమీటర్లు వేరు, గంటలు వేరు అయ్యాయి. అక్కడే మన పల్లెవాళ్ళు మోసపోతున్నారని నా అభిప్రాయం. ఎవరో వచ్చి మోసం చేస్తున్నారని కాదు. "విమానంలో గంట ప్రయాణం" అనే మాటను మనమే తప్పుగా అర్థం చేసుకుంటున్నాం. నేనూ అలాగే చేశాను. అది తర్వాత చెబుతాను.

ముప్పయి ఏడు నిమిషాలు గంట ఎందుకు అవుతుంది?

ముందు ఆ గంట సంగతి చూద్దాం. మన జిల్లాకు వచ్చేది జెట్ విమానం కాదు, ముందు పంకాలు తిరిగే ఏటీఆర్-72 రకం. ఫ్రాన్సు, ఇటలీ దేశాల కంపెనీలు కలిసి తయారుచేసే విమానం ఇది. డెబ్బై మందికి పైగా పడతారు. చిన్న రన్‌వే చాలు, నూనె ఖర్చు తక్కువ, అందుకే చిన్న ఊళ్ళ మధ్య దీన్ని నడుపుతారు. గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 310ని ఆ లెక్కన భాగిస్తే ముప్పయి ఏడు నిమిషాలు వస్తుంది. మరి టైంటేబుల్లో గంట, గంటా పది అని ఎందుకు వేస్తారు?

ఎందుకంటే విమానం వాళ్ళు కాలాన్ని కొలిచేది విమానం గాలిలో ఉన్నప్పుడు మాత్రమే కాదు. నిలబడిన విమానం చక్రాలకు అడ్డంగా దిమ్మెలు పెడతారు. ఇక్కడ ఆ దిమ్మెలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్ళీ దిమ్మెలు పెట్టి నిలబెట్టే దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం రన్‌వే చివరి దాకా ఎద్దుబండిలాగా మెల్లగా నడుస్తుంది. అనుమతి కోసం ఆగుతుంది. లేచిన తర్వాత పూర్తి వేగం అందుకునేసరికి చాలా దూరం పోతుంది. దిగేటప్పుడు అంతకంటే ముందే వేగం తగ్గించుకుంటుంది. పైగా రన్‌వే మన ఊరివైపే చూస్తూ ఉండదు. కడప రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటే విజయవాడ ఈశాన్యంలో ఉంది. లేచిన తర్వాత తిరగాలి, దిగే ముందు ఇంకో విమానం ఉంటే చుట్టు కొట్టాలి, ఎదురుగాలి ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. ఇవన్నీ కలిపి గంట పైన వేస్తారు. అందుకే మూడువందల కిలోమీటర్లకు గంట పడితే ఆరువందల కిలోమీటర్లకు రెండు గంటలు పట్టదు. మధ్యలో గాలిలో పోయే భాగం మాత్రమే పెరుగుతుంది. ఎక్కడం, దిగడం, నడవడం రెండింటికీ ఒకటే. దగ్గరి ఊళ్ళ మధ్య విమానానికి లాభం తక్కువ అనడానికి కారణం ఇదే. నూనె కూడా ఎక్కేటప్పుడే ఎక్కువ తాగుతుంది.

ఇంతవరకూ విమానం వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ గంట వాళ్ళు సరిగానే చెబుతున్నారు. మన గంట వేరు.

పెదనాయన ప్రయాణం

2023 వేసవిలో మా పెదనాయనకు గుంటూరులో గుండె డాక్టరు దగ్గర చూపించుకునే పని పడింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. మరుసటి రోజు ఉదయం తొమ్మిదికి రమ్మన్నారు, నడిపించి చేసే పరీక్ష ఒకటి ఉంది. రాత్రంతా బస్సులో కూర్చోలేడని ఇంట్లో అందరం మాట్లాడుకుని విమానం టికెట్టు తీశాము. ఆయనకు సంతోషం పట్టలేదు. వీధిలో ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాడు. తోడు నేను.

మధ్యాహ్నం విమానం. తొందరగా బయలుదేరదామని నేను లేపితే ఆయన వినలేదు. "గంటలో పోయేదానికి ఇంత పొద్దున్నే పోయి యాడ కూసోవాలరా?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఊరి నుంచి ఆటోలో పోరుమామిళ్ళ, అక్కడి నుంచి బస్సులో కడప. మామూలుగా రెండుంబావు, రెండున్నర గంటల దారి. మైదుకూరులో బస్సు ఆగిపోయింది, ఏదో పెళ్ళి ఊరేగింపు. కడప బస్టాండులో దిగాక విమానాశ్రయానికి పోయే బస్సు మాకు కనబడలేదు. ఆటో వాడితో బేరం. ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. మేము గేటు దగ్గర దిగేసరికి విమానం బయలుదేరడానికి ఇంకా నలభై నిమిషాలు ఉంది. అద్దాల్లోంచి విమానం కనబడుతూనే ఉంది. కానీ కౌంటరు గంట ముందే మూసేస్తారన్న సంగతి మాకు తెలియదు. టికెట్టు కాగితం మీద ఉన్నదట. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. ఇంటర్మీడియట్ దాకా చదివిన నేనే చూసుకోలేదు. పెదనాయన ఏం చూస్తాడు?

అక్కడి ఉద్యోగులు మర్యాదగానే మాట్లాడారు. నియమం నియమమే. టికెట్టు డబ్బులో పన్నుల కింద కట్టినది తప్ప మిగతా అంతా పోయింది.

ఆ రాత్రి కడపలో బస్సెక్కాము. ఇప్పుడు చెప్పేది పాఠకులకు నవ్వు తెప్పించవచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. ఆ బస్సు రాత్రి పదిన్నరకు మా పోరుమామిళ్ళ బస్టాండులోకి వచ్చి ఐదు నిమిషాలు ఆగింది. పెదనాయన కిటికీలోంచి చూసి "ఏమబ్బయ్యా, పొద్దున పోయింది ఈడినుంచే కదా?" అన్నాడు. పన్నెండు గంటలు తిరిగి మళ్ళీ బయలుదేరిన చోటికే వచ్చాము. రాత్రంతా కూర్చునే ఉన్నాడు. తెల్లవారి గుంటూరులో దిగేసరికి కాళ్ళు వాచాయి, రక్తపోటు ఎక్కువగా ఉందని పరీక్ష పెట్టలేదు. పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రాత్రి ఆయన దగ్గితే అందరం లేచేవాళ్ళం.

గడప నుంచి గడపకు

ఆ తర్వాత నేను ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఈ లెక్కను ప్రతి పల్లె వాళ్ళూ తమ ఊరి నుంచి వేసుకోవాలని నా కోరిక.

మధ్యాహ్నం రెండు గంటలకు విమానం అనుకుందాం. ఒంటిగంటకు కౌంటరు మూస్తారు. కాబట్టి పన్నెండుంబావుకు విమానాశ్రయంలో ఉండాలి. అంటే పదకొండుంబావుకు కడప బస్టాండులో దిగాలి. అంటే ఎనిమిది ముప్పావుకు పోరుమామిళ్ళలో బస్సు ఎక్కాలి. అంటే ఎనిమిదికి ఇంట్లో కదలాలి. రెండుకు విమానం లేస్తే మూడుంబావు లోపు గన్నవరంలో దిగుతుంది. సామాను తీసుకుని బయట పడేసరికి మూడున్నర. గన్నవరం విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. హైవే మీదికి నడిచి వస్తే ఏలూరు వైపు నుంచి వచ్చే బస్సులు దొరుకుతాయి, అది నయం. విజయవాడ బస్టాండు చేరేసరికి నాలుగున్నర. మొత్తం ఎనిమిదిన్నర గంటలు. అందులో విమానం కదిలిన కాలం గంట పైచిలుకు. మిగిలిన ఏడు గంటలకు పైగా నేల మీదే.

మరి పోరుమామిళ్ళ నుంచి నేరుగా విజయవాడకు బస్సులో? గిద్దలూరు దారిన మూడువందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఏడున్నర, ఎనిమిది గంటలు. బస్సే అరగంట ముందు!

దీనికి కారణం చూడండి. పోరుమామిళ్ళ కడపకు ఈశాన్యంలో ఉంది. విజయవాడా ఈశాన్యంలోనే ఉంది. అంటే మేము విమానం ఎక్కడానికి విజయవాడకు వీపు చూపించి దాదాపు ఎనభై కిలోమీటర్లు వెనక్కి పోతున్నాము. మా ఊరి నుంచి గన్నవరానికి ఆకాశంలో తాడు కడితే 255 కిలోమీటర్లే. 255 దూరంలో ఉన్నవాడు వెనక్కి పోయి 310 ఎగరడం అన్నమాట. బద్వేలు, కలసపాడు, కాశినాయన మండలాల వాళ్ళకూ కొంచెం ఇటూ అటూ ఇదే వరస.

అయితే జిల్లా అంతా పోరుమామిళ్ళ కాదు. పులివెందుల, వేంపల్లె, చక్రాయపేట వైపు వాళ్ళ లెక్క వేరు. వాళ్ళకు కడప దారిలోనే తగులుతుంది. పులివెందుల నుంచి విజయవాడకు రోడ్డు మీద నాలుగున్నర వందల కిలోమీటర్లు పోవాలి, పది గంటలు పడుతుంది. విమానమైతే గడప నుంచి గడపకు ఏడెనిమిది గంటల్లో చేరతారు. రెండు గంటలు మిగులుతుంది, ఒళ్ళు హూనం కాదు. ఒకే జిల్లాలో ఒకే విమానం ఒకరికి మేలు, ఇంకొకరికి దండగ. ఈ తేడా పట్టించుకోకుండా సభల్లో "కడప ప్రజలు గంటలో విజయవాడ చేరతారు" అంటే చప్పట్లు కొట్టడం మన అమాయకత్వం.

రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైటు పోయే వాళ్ళకు మరో చిక్కు ఉంది. వాళ్ళు చెన్నైకో హైదరాబాదుకో పోయి అక్కడ పెద్ద విమానం ఎక్కాలి. దేశం లోపలి విమానంలో మామూలుగా పదిహేను కిలోల సామాను ఉచితం. గల్ఫు విమానంలో అంతకంటే బాగా ఎక్కువ. రెండూ ఒకే టికెట్టు మీద ఉంటే పెద్ద విమానం లెక్కే మొదటి నుంచీ వర్తించే వీలుంది. వేరువేరుగా తీసుకుంటే పిల్లలకు తెచ్చిన పెట్టె మీద అదనంగా కట్టాల్సి వస్తుంది. టికెట్టు తీసే ఏజెంటును ఈ ఒక్క ప్రశ్న ముందే అడగాలి.

వచ్చిన విమానాలు, పోయిన విమానాలు

మన కడప విమానాశ్రయం చరిత్ర కొంచెం గుర్తు చేసుకోవాలి. కొత్త టెర్మినల్ 2015 జూన్ 7న ప్రారంభమైంది. ఎయిర్ పెగాసస్ అనే సంస్థ బెంగళూరుకు విమానం నడిపింది. 2016 జూలైలో ఆ సంస్థే మూతపడింది. తర్వాత కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో ఉండి ఆ పథకం కింద ప్రారంభించిన మొదటి సర్వీసుల్లో కడప-హైదరాబాదు ఒకటి. అది మన జిల్లాకు గర్వకారణమే. ట్రూజెట్ నడిపింది. చెన్నై, విజయవాడ కూడా చేరాయి. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్టూ ఆగిపోయింది. ఆ మార్చి ఆఖర్లో మరో సంస్థ వచ్చింది, దానికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. వచ్చినప్పుడు కూడా విజయవాడకు రోజూ కాదు, వారంలో కొన్ని రోజులే.

ఫలానా వారం ఫలానా వేళకు విమానం ఉందని నేను ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఎవరైనా ఈ కాగితం చించి గోడకు అంటించుకుంటారు, ఆరు నెలల తర్వాత దాన్ని నమ్మి బయలుదేరతారు. విమానాల టైంటేబులు ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబరు ఆఖరి ఆదివారం ఒకసారి. మధ్యలోనూ మారవచ్చు.

ఉడాన్ పథకం ఎలా నడుస్తుందో చాలామందికి తెలియదు. విమానంలో సగం సీట్లు, నలభైకి మించకుండా, ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఇవ్వాలి. పథకం మొదలైన 2016లో ఆ ధర గంట ప్రయాణానికి 2,500 రూపాయలు. దానివల్ల సంస్థకు వచ్చే లోటును మూడేళ్ళపాటు పూడుస్తారు. ఆ డబ్బు పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది, రాష్ట్రం కూడా ఐదో వంతు భరిస్తుంది. మూడేళ్ళ తర్వాత ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి. ఎంతమంది నిలబడ్డారు? 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 దారుల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత 2023 మార్చి దాకా నడుస్తూ మిగిలినవి 54.

కొంతమంది మిత్రులు అంటారు, విమానం డబ్బున్నవాళ్ళ వ్యవహారం, పల్లెవాళ్ళకు ఎందుకు, మా ఊరికి రోడ్డు వేయించమని రాయరాదా అని. రోడ్డు సంగతి రాస్తూనే ఉన్నాను. కానీ ఈ మాట నేను ఒప్పుకోను. లోటు పూడ్చే డబ్బులో మన రాష్ట్రం వాటా ఉంది, అంటే మన డబ్బు ఉంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు డబ్బున్నవాళ్ళకే రావు. కువైటులో ఇంటి పని చేసే ఆడమనిషి డబ్బున్నది కాదు, ఆమె ఏడాదికి రెండేళ్ళకు ఒకసారి విమానం ఎక్కుతూనే ఉంది. విమానం ఖాళీగా పోతే సంస్థ పోతుంది, సంస్థ పోతే విమానాశ్రయం ఉత్త కట్టడంగా మిగులుతుంది. ఎయిర్ పెగాసస్‌తో, ట్రూజెట్‌తో రెండుసార్లు చూశాము. విమానం నిండాలంటే కడప టౌను ఒక్కటే చాలదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు, బద్వేలు, పులివెందుల, వీటి వెనక ఉన్న పల్లెలు కదలాలి. పల్లెలు కదలాలంటే గాలిలో గంటను యాభై నిమిషాలు చేస్తే లాభం లేదు, చేయడం కుదరదు కూడా. నేల మీది ఏడు గంటల్లో రెండు గంటలు తగ్గించాలి.

అది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. విమానం ఉన్న రోజున, విమానం వేళకు తగ్గట్టు, ప్రొద్దుటూరు నుంచి ఒక బస్సు, బద్వేలు నుంచి మైదుకూరు మీదుగా ఒక బస్సు నేరుగా విమానాశ్రయం గేటు దాకా పోయేటట్టు ఆర్టీసీ చూస్తే చాలు. కడప బస్టాండులో దిగి, వెతుక్కుని, ఆటో బేరమాడే ముప్పావుగంట తప్పుతుంది. వచ్చే విమానంలో దిగినవాళ్ళను అదే బస్సు వెనక్కి తెస్తుంది. విమానం ఆలస్యమైతే బస్సు ఆగాలి, రద్దయితే ఆ సంగతి మైదుకూరులోనే ప్రయాణికులకు తెలియాలి. విమానాశ్రయంలో ఒక మనిషి, బస్టాండు ఎంక్వయిరీలో ఒక మనిషి ఫోనులో రెండు మాటలు మాట్లాడుకుంటే సరిపోయే పని ఇది. డిపోల్లో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినా చాలు: ఈ రోజు విజయవాడ విమానం ఇన్ని గంటలకు, కౌంటరు మూసేది ఇన్ని గంటలకు. రెండో మాట పెద్ద అక్షరాలతో రాయాలి.

ఇంకోటి, విమానం వేళ. నా లెక్కలో విమానం మధ్యాహ్నం పోతుంది. అలాంటి విమానంలో పోయినవాడికి ఆ రోజు ఏ ఆఫీసూ తెరిచి ఉండదు, ఏ డాక్టరూ దొరకడు. రాత్రికి లాడ్జి ఖర్చు తప్పదు. పొద్దున పోయి సాయంత్రం తిరిగి రాగలిగితే అప్పుడు కదా గంట ప్రయాణానికి అర్థం? ఒకే విమానాన్ని నాలుగు ఊళ్ళకు తిప్పే సంస్థకు ఇది కష్టమే, తెలుసు. కానీ ప్రభుత్వం డబ్బు సాయం చేసేటప్పుడు, వారానికి రెండు రోజులైనా ఉదయం వేళ కావాలని షరతు పెట్టవచ్చు. డబ్బు ఇచ్చేవాడికి అడిగే హక్కు ఉంటుంది. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు కొత్త నగరాలకు విమానాలు కావాలని మంత్రులకు కాగితాలు ఇస్తున్నారు. ఇవ్వనీ. ఆ కాగితంలో కింద ఒక వాక్యం, బద్వేలు బస్సు గురించి, చేర్చితే వారికి పోయేది లేదు.

అంతవరకూ మా వైపు వాళ్ళకు నా సలహా ఒక్కటే. విజయవాడకైతే విమానం మోజులో వెనక్కి పోవద్దు. గిద్దలూరు దారే నయం. పగటి బస్సు దొరికితే ఇంకా నయం, ముసలివాళ్ళు ఉంటే మార్కాపురంలోనో వినుకొండలోనో దిగి గంట నడుము వాల్చి పోవచ్చు. పులివెందుల వైపు వాళ్ళు మాత్రం లెక్క వేసుకుని విమానం ఎక్కండి, ఇంటి నుంచి ఆరు గంటల ముందు కదలండి.

పెదనాయనకు వచ్చే నెల మళ్ళీ గుంటూరు పోయే పని ఉంది. ఈసారి పోరుమామిళ్ళలోనే పొద్దుటి బస్సుకు పోదామని చెప్పాను. సరేనన్నాడు. కిటికీ పక్క సీటు చూడమన్నాడు.